తడిసిన ఉలవలు

మా అమ్మాయి భానుశ్రీకి కారు నేర్పుతున్న మాస్టారు పోయిన వారం మా గుమ్మంలో నిలబడితే, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆయన మునిరత్నం. ఎనిమిదేళ్ళ కిందట నేను కండక్టరుగా ఎక్కిన బస్సుకు డ్రైవరు. ఆ బస్సు కార్వేటినగరం దారిలో చిన్నప్ప కండ్రిగ దగ్గర జారి, చెంగల్రాయుడు అనే రైతు కాలు తీసింది. తప్పంతా డ్రైవరుదేనని విచారణలో తేలింది. అలా తేలడానికి నేను రాసిచ్చిన ఒక్క వాక్యం సరిపోయింది. ఆ వాక్యం అబద్ధమని నాకు తప్ప ఎవరికీ తెలియదు. "ఎల్లుండి పాపకు ఆఖరు పాఠం. నువ్వూ రాప్పా, కూతురు ఎట్ల నడుపుతా ఉండాదో చూస్తువు" అని మునిరత్నం నన్ను పిలిచాడు. రానని చెప్పడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు.

ఆ ఎల్లుండి తెల్లవారేసరికి తుంపర మొదలైంది. శివరాత్రి దాటాక మా వైపు వాన పడదు. పడితే రైతు ఆకాశం కేసి చూసి తిట్టుకుంటాడు. అప్పటికి ఉలవ పంట కోసి ఉంటుంది.

మునిరత్నం ఏడు గంటలకే వచ్చాడు. తెల్ల మారుతి కారు, ముందూ వెనకా ఎర్ర రంగుతో ఎల్ అక్షరం. నేను వెనక తలుపు తీయబోతే ఆపాడు.

"ఆ పక్క వద్దప్పా. అద్దం సందులో నీళ్ళు కారతాయి. ఈ పక్క కూసో, తువ్వాలు పరిచినా."

నిజంగానే పరిచి ఉంది. ఉతికిన తువ్వాలు, నాలుగు మడతలు వేసి. నేను దాని మీద కూర్చున్నాను. మెత్తగా ఉంది. ఆయన నన్ను రెండు మాటలు తిట్టి ఉంటే ఇంతకన్నా సుఖంగా కూర్చునేవాణ్ణి.

"పాపా, టైర్లు చూసినావా?"

"చూసినా మాస్టారూ."

"దేంతో చూసినావు, కండ్లతోనా? అరిగిన టైరు కంటికి కొత్త పెండ్లికొడుకు మాదిరే కనపడతాది. చెయ్యి పెట్టి చూడాల."

భానుశ్రీ నవ్వుకుంటూ దిగి, చున్నీ నడుముకు చుట్టుకుని, నాలుగు టైర్లనూ అరచేత్తో తడిమి వచ్చింది. చేతులకు అంటిన బురదను తుడుచుకోవడానికి ఆయన పాత గుడ్డ అందించాడు. అది కూడా ముందే తెచ్చిపెట్టుకున్నాడు.

బయలుదేరాం. నీవా నది వంతెన దాటాం. నేను ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తున్నాను. నా డ్యూటీ రోజుల్లో నల్లగా, నిటారుగా ఉండే మెడ అది. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. చొక్కా కాలరు ఒకచోట చిరిగితే చక్కగా కుట్టుకున్నాడు.

"చెప్పు పాపా. వాన ఎప్పుడు మోసం చేస్తాది?"

"మొదటి పావుగంటలో."

"ఎందుకు?"

"దుమ్మూ ఆయిలూ నానిపోయి రోడ్డు మీద జిడ్డు అయితాది. పెద్ద వాన పడితే కడుక్కొని పోతాది. తుంపరకైతే అట్లే ఉండిపోతాది."

"విన్నావా బీఏ? కూతురు పాసా, ఫెయిలా?"

బీఏ. ఆ పేరు పెట్టింది ఆయనే. తిరుపతిలో డిగ్రీ చదివి డిపోలో టికెట్ల సంచి తగిలించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. కానీ నాకే ఆ పేరు స్థిరపడింది. విచారణ తర్వాత ఎవరూ నన్ను అలా పిలవలేదు. "పాసే అన్నా" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. రోడ్డు పక్కన ఒక ముసలామె చెయ్యెత్తింది, అంతే. నా కాలు నాకు తెలియకుండానే ముందు సీటుకు తన్నుకుంది. భానుశ్రీ మాత్రం కాలు మెల్లగా ఆనించి, వదిలి, మళ్ళీ ఆనించింది. కారు ఆటోకు రెండు బారల దూరంలో, ఒక్క కుదుపు లేకుండా నిలిచింది.

"అదీ!" అన్నాడు మునిరత్నం. "బ్రేకు మీద ఎక్కి నిలబడకూడదు. బ్రేకును అడగాల. అడిగితే ఇస్తాది. లాక్కుంటే బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పి పెడతాది."

"మంచు మీద గూడా ఇంతేనా మాస్టారూ? మీరు మిలిటరీలో ఉన్నప్పుడు?"

"మంచు ఇంకా మేలు పాపా. నేను జారతాను అని మొహం మీదే చెప్పేస్తాది. లద్దాఖులో చక్రాలకు గొలుసులు కట్టి లారీలు తోలేవాళ్ళం. గొలుసు ఉండాది గదా అని ధైర్యం చేసినోడే లోయలో పడింది. మా ఉస్తాదు ఒక సర్దారు ఉండె. ఆయప్ప ఏమనేవాడంటే, ఆపగలను అనుకోని నడపద్దురా, ఆపే అవసరం రాకుండా నడపరా అని." ఆయన వేలితో అద్దం మీది ఆవిరి తుడిచాడు. "పన్నెండేండ్లు మంచులో జారలేదు. మన చిన్నప్ప కండ్రిగ కాడ ఉలవల మీద జారినా."

నేను కిటికీ వైపు తల తిప్పుకున్నాను.

"మా నాయన గూడా ఆ బస్సులోనే ఉన్నాడంట గదా. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు" అంది భానుశ్రీ, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

"చెప్పేదానికి ఏముండాదిమ్మా, సంతోషమా? పాపం, ఆ పొద్దు మీ నాయన మనసు మనసులో లేదు." ఆయన సీటులో కొంచెం ఆమెవైపు తిరిగాడు. "నా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఆ తావు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్తా. ఫీజు తీసుకునేటోణ్ణి. నా తప్పు దాచిపెట్టి పాఠం చెప్పకూడదు. నీకూ చెప్తా. మీ నాయన ఉండాడు, నేను తప్పు చెప్తే దిద్దుతాడు."

ఇంకో గ్రామం వచ్చింది, పోయింది. ఆయన చెబుతున్నాడు. నేను వెనక తువ్వాలు మీద కూర్చుని వింటున్నాను.

మా వైపు ఉలవ కోశాక కట్టెను, అంటే కాయలతో ఉన్న ఎండు మొక్కల్ని, తార్రోడ్డు మీద పరుస్తారు. పోయే బస్సులూ లారీలూ తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుంది. ఆడవాళ్ళు పక్కన నిలబడి, బండి పోగానే కట్టె తిరగేసి మళ్ళీ పరుస్తారు. కళ్ళానికి ఎద్దులు లేనివాళ్ళకు బస్సే ఎద్దు. మునిరత్నం అయితే ఊరు చూసి, గేరు తగ్గించి, చక్రం సరిగ్గా కట్టె మీద పడేట్టు తోలేవాడు. ఎండిన కట్టె మీద ఏమీ కాదు. తడిస్తే వేరు. మెత్తబడిన పొట్టు ఒక పొర, దాని కింద దొర్లే గింజలు ఇంకో పొర.

"ఆ పొద్దూ ఇదే తుంపర" అన్నాడు మునిరత్నం. "కట్టె తడిసిపోయిండాది. నేను బస్సు నిలబెట్టి చెంగల్రాయుణ్ణి పిలిచినా. అప్పా, దీని మీద నేను తోలను, ఒక పక్క లాగేయ్, నువ్వు చెయ్యెత్తేదాకా బండి కదిలించను అంటి. ఆయప్ప కొన వంగిన కొంకికట్టెతో లాగతా లాగతా ఎడమపక్కకు పోయినాడు. ఎడమపక్క డ్రైవరుకు కనపడదు పాపా. ఆడ కండక్టరే డ్రైవరుకు కన్ను. వెనక తలుపు కాడ నిలబడి, పక్క ఖాళీగా ఉండాదని చూసుకోని బెల్లు తాడు లాగతాడు. ఒక దెబ్బ అంటే ఆపు. రెండు దెబ్బలంటే పో."

"అయితే?"

"నాకు రెండు దెబ్బలు వినపడినాయి. ఆయప్ప చెయ్యెత్తినాడేమో, కండక్టరు చూసి కొట్టినాడు అనుకోని కదిలించినా. వెనక చక్రం జారి రోడ్డు పక్క మార్జినులోకి పోయినాది. ఆయప్ప ఆడే ఉండాడు."

వైపరు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది.

"అంటే బెల్లు…"

"లేదు పాపా. బెల్లు కొట్టలేదు. ఎంక్వయిరీలో మీ నాయన రాసిచ్చినాడు. 'నేను గంట మోగించలేదు. ఆ సమయంలో టికెట్లు ఇస్తున్నాను.' ముత్యాల మాదిరి రాత. ఆఫీసరు చదివి వినిపిస్తే నేను ఒప్పుకోని సంతకం పెట్టినా. మీ నాయన అబద్ధం రాసే మనిషి కాదు. చదువుకున్నోడు. అట్లయితే తప్పు యాడ ఉండాది? నా చెవిలో. పోవాల పోవాల అని లోపల తొందర ఉంటే, చెవి లేని బెల్లు గూడా వింటాది." ఆయన చిన్నగా నవ్వాడు. "ఆరు నెలలకు మళ్ళీ డ్యూటీకి రమ్మని కాగితం వచ్చినాది. నేనే పోలేదు. లేని బెల్లు వినే డ్రైవరు చేతిలో యాభై ప్రాణాలు పెట్టకూడదు. ఈ పొద్దుకూ కార్లో నేనొక్కడినే ఉంటేనే స్టీరింగు పడతా. పక్కన ఇంకొకరుంటే వాళ్ళే నడపాల."

నాకు తెలియదు. ఈ ఎనిమిదేళ్ళూ ఆయన్ను పనిలోంచి తీసేశారనే అనుకున్నాను. తీసేసింది డిపో కాబట్టి, నా వాక్యం అందులో ఒక చిన్న కాగితం ముక్క అని సర్దిచెప్పుకున్నాను. ఆయన తన చెవుల్ని తానే కాదనుకుని ఇంటికి పోయాడని తెలియదు. నేను ఉద్యోగం ఒక్కటే తీసుకున్నాననుకున్నాను.

బెల్లు నేనే కొట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు తిరుపతిలో నా భార్య ఉదయలక్ష్మికి ఆపరేషను. పుత్తూరులో డ్యూటీ దిగి, రెండింటి బస్సు అందుకోవాలి. చెంగల్రాయుడు ఒక్కొక్క మోపూ లాగుతుంటే నాకు అరికాళ్ళలో నిప్పులు పోసినట్టు ఉంది. నేను వెనక తలుపు దగ్గరే ఉన్నాను. తల కొంచెం బయటికి పెడితే చాలు, ఎడమపక్కంతా కనిపిస్తుంది. నేను చేతి గడియారం చూశాను. తాడు రెండుసార్లు లాగాను.

తర్వాత జరిగింది తలచుకుంటే ఇంకా సిగ్గు. మునిరత్నం తన తువ్వాలుతో చెంగల్రాయుడి తొడ బిగించి కట్టి, ఎవరిదో జీపు ఆపి ఎక్కించాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతోనే ఇంకో లారీని ఆపాడు, నా కోసం. "పోప్పా, ఆయమ్మ కాడికి పో. ఈడ నేనుండా" అన్నాడు. నేను వెళ్ళిపోయాను. పదిరోజులకు నా ముందు తెల్ల కాగితం పెట్టినప్పుడు, ఉద్యోగం పోతే మందులు ఎలా అని ఒక్కసారి ఆలోచించాను. రెండోసారి ఆలోచించలేదు. ఉదయలక్ష్మి ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా ఆమెకు చెప్పలేదు.

"అన్నా" అన్నాను వెనక నుంచి.

"ఏమప్పా? తప్పు చెప్పినానా?"

చెప్పాల్సిన సమయం అదే. నా కూతురి జడ, దాని చివర నీలం రిబ్బను కనిపించాయి. "ఏం లేదన్నా. నీళ్ళు ఈ పక్క గూడా కారతా ఉండాయి" అన్నాను.

కారడం లేదు.

చిన్నప్ప కండ్రిగకు రెండు వందల గజాల ముందే రోడ్డు పక్కన కర్రకు కట్టిన ఎర్రగుడ్డ కనిపించింది. భానుశ్రీ కాలు పైకి తీసింది, గేరు తగ్గించింది. ఇంకొంత దూరం పోతే రోడ్డుకు సగం దాకా రాళ్ళ వరస, దాని అవతల ఉలవ కట్టె. సగం మీద నీలం టార్పాలిన్ పట్ట కప్పి ఉంది. మిగతా సగం తడిసిపోయింది. కప్పడానికి ఒక్క మనిషే ఉంది మరి. యాభై ఏళ్ళ ఆమె, నెత్తి మీద గోనెసంచి గొంగడిలా వేసుకుని, పొరకతో తడి గింజల్ని పోగుచేస్తోంది.

"ఎర్రగుడ్డ మన మాస్టారిదే నాయనా" అంది భానుశ్రీ. "ప్రతి సంవత్సరం ఉలవ కాలంలో వచ్చి కట్టి పోతాడంట."

"ఆయమ్మ చంద్రకాంతమ్మ, చెంగల్రాయుడి భార్య" అన్నాడు మునిరత్నం నాతో. గొంతు తగ్గించాడు. "ఆయప్ప నాతో మాట్లాడడు. చెయ్యెత్తేదాకా కదిలించనని మాటిచ్చి తప్పినాను గదా. గడప తొక్కనియ్యడు. గుడ్డ మాత్రం పీకెయ్యలేదు ఒక్క ఏడు గూడా. అది చాలులే."

కారు రాళ్ళ ముందు నిలిచింది. చంద్రకాంతమ్మ కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది.

"ఏమన్నా, ఈసారి ఆడబిడ్డను పట్టుకొచ్చినావే. పోయిన తూరి తెచ్చినోడు నా రాళ్ళన్నీ దొర్లించి పోయినాడు."

"ఈ పాప దొర్లించదు చంద్రమ్మా. గాజు సామాను మాదిరి తోలతాది."

"సూస్తాం, సూస్తాం." ఆమె చూపు నా మీద పడింది. ఆగలేదు. ఎనిమిదేళ్ళలో నా జుట్టు ఊడింది, కళ్ళజోడు వచ్చింది. "ఈయప్ప ఎవురు?"

"పాప వాళ్ళ నాయన."

"కూతురు బండి తోలతా ఉంటే బయపడతా కూసున్నాడే! రవ్వంత మొహం నవ్వుతా పెట్టుకో సామీ." అని ఆమె భానుశ్రీ వైపు తిరిగింది. "మెల్లింగా పో అమ్మణ్ణీ. ఆ పక్క తడిసిండాది. ఈయన మాదిరి గాబరాపడి తోలితే మళ్ళీ ఎవురి కాలో పోతాది."

అది కోపం కాదు. ఎన్నో ఏళ్ళుగా అని అని మొద్దుబారిన మాట. మునిరత్నం తల ఊపాడు, ఎవరో ఆయన పేరు పెట్టి పిలిచినట్టు.

భానుశ్రీకి అది నచ్చలేదు. "మాస్టారు గాబరాపడలేదంట అత్తా. బెల్లు కొట్టినట్టు చెవికి వినపడి తోలినాడంట. కొట్టకపోయినా."

చంద్రకాంతమ్మ పొరక నేలకు ఆనించింది.

"కొట్టకపోయినా అంటే?"

"కండక్టరు బెల్లు కొట్టలేదంట గదా."

"ఎవురు చెప్పినారే నీకు? టింగు టింగు మని రెండు తూర్లు కొట్టినాడు. ఆ వెనక తలుపు కాడ ఇదే పొరక పట్టుకోని నేను నిలబడుకోని ఉండా. ఇంత దూరం." ఆమె చేతిని చాచి చూపింది. ఆ చేయి కిటికీలోంచి దాదాపు నన్ను తాకింది. "గడియారం చూసుకుంటా లాగినాడు తాడు, దరిద్రుడు."

ఇంజను అలాగే తిరుగుతోంది.

"చంద్రమ్మా" అన్నాడు మునిరత్నం చివరికి. ఆయన గొంతులో తడబాటు నేను మొదటిసారి విన్నాను. "నువ్వు ఇన్నేండ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్ను ఎవురు అడిగినారు? పోలీసోళ్ళు మా ఆయన్ను అడిగినారు. మీ ఆఫీసోళ్ళు మిమ్మల్ని అడిగినారు. నువ్వు ఏటేటా వచ్చి నాదే తప్పు చంద్రమ్మా అంటావు, మేము సరే అంటాం. బెల్లు ఊసే ఎత్తలేదే ఎప్పుడూ!"

"ఎత్తితే తప్పించుకునేదానికి చెప్పినట్టుంటాదని…" ఆయన ఆగాడు. ఆపైన అన్న మాటను నేను మరిచిపోలేను. "లేదులేమ్మా. నీకూ నా మాదిరే వినపడిండాది. ఆ కండక్టరు అట్లాంటి మనిషి కాదు. నాకు బాగా తెలుసు."

నేను అక్కడే, ఆయన వెనక మూరెడు దూరంలో ఉన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చూసి నన్ను ఇరకాటంలో పెట్టకూడదని చూడలేదో, నిజంగానే నమ్మాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఇద్దరి చెవులూ ఒకేసారి పాడయితాయా అన్నా?" అంది చంద్రకాంతమ్మ. "శివరాత్రి అయిన నాలుగోనాడు, శుక్రవారం. పన్నెండున్నర బస్సు. నేనేం కల కన్నానా?"

భానుశ్రీ ఇంజను ఆపేసింది. అప్పుడు తుంపర చప్పుడు కారు పైకప్పు మీద వినిపించింది.

"నాయనా" అంది. తల తిప్పలేదు. "అమ్మ ఆపరేషను గూడా శివరాత్రి అయినాక శుక్రవారమే గదా?"

"అవును."

"నేను ఆస్పత్రి మెట్ల మీద కూసోని ఉన్నా. మూడు కాకముందే నువ్వు పరిగెత్తుకుంటా వచ్చినావు. నీ చొక్కా నిండా ఏదో పొట్టు ఉండె. నేను దులిపినా. ఏంది నాయనా ఇది అంటే, ఉలవ పొట్టు అన్నావు." ఆమె గొంతు పిల్ల గొంతైపోయింది. "నువ్వు టైముకు వచ్చినావని నేను ఎంత సంతోషపడినానో."

పదకొండేళ్ళ పిల్ల నా చొక్కా దులపడం నాకు గుర్తుంది. చిన్న చేతులు, ఒక్కొక్క పొట్టునూ ఏరి తీసింది. ఆపరేషనుకు లోపలికి తీసుకుపోయే ముందు అమ్మకు నాయన శుభ్రంగా కనిపించాలని.

"కొట్టినా" అన్నాను.

మాట బయటికి వచ్చిందో లేదో నాకే తెలియలేదు. మళ్ళీ అన్నాను. "బెల్లు నేను కొట్టినా అన్నా. రెండు దెబ్బలు. ఎడమపక్క చూడకుండా కొట్టినా. టికెట్లు ఇస్తా ఉండానని రాసిచ్చింది అబద్ధం."

భానుశ్రీ చేయి పైకి లేచింది. కారులో కూర్చోగానే అద్దం సరిచేసుకోవాలని మాస్టారు నేర్పిన మొదటి పాఠం. ఆ అద్దాన్ని ఆమె నెమ్మదిగా పక్కకు తిప్పింది, నా ముఖం అందులో కనిపించకుండా. తర్వాత రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

మునిరత్నం సీటులో వెనక్కి తిరిగాడు. నన్ను రెండు కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆయన కుడి చెవిని నా వైపు పెట్టాడు, చెవుడు వచ్చిన ముసలివాళ్ళు పెట్టినట్టు.

"ఇంకోతూరి చెప్పప్పా."

"బెల్లు కొట్టింది నేనే."

"రెండు దెబ్బలా?"

"రెండు దెబ్బలు."

"టింగు టింగుమని. మధ్యలో రవ్వంత గ్యాపు."

"అవునన్నా."

ఆయన చూపుడు వేలితో చెవి తమ్మెను పట్టుకుని, పోయిందనుకుని వెతుకుతున్న వస్తువు జేబులోనే దొరికినట్టు, రుద్దుకున్నాడు.

"అయితే నా చెవి బాగానే ఉండాది" అన్నాడు.

అంతే. ఆ మాట నాతో కాదు, తనతో తాను అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు నిండాయి. అవి నా మీద కోపంతో వచ్చినవి కావు. నాకు అంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు.

చంద్రకాంతమ్మ మాత్రం కిటికీ పట్టుకుని నన్నే చూస్తోంది. మొదట చేతి గడియారం చూసింది, తర్వాత ముఖం. ఆమె దవడ బిగిసింది.

"నువ్వా!"

"నేనేనమ్మా."

"ఈయన ఎనిమిదేండ్లు మా గుమ్మం ముందర దోషి మాదిరి నిలబడినాడు. నువ్వు యాడ ఉన్యావు?"

"చిత్తూరులోనే ఉన్యా."

అంతకంటే అసహ్యమైన జవాబు నేను ఎప్పుడూ చెప్పలేదు. బస్సులో గంట దూరం.

"మాకు చెప్తే ఏం లాభం? మా ఆయనకు చెప్పు." ఆమె వెనక్కి తిరిగి, రోడ్డు పక్కనే ఉన్న పెంకుటింటి కేసి గొంతెత్తింది. "ఏమయ్యో! ఇట్రా! బయటికి రా! బెల్లు కొట్టినోడు వచ్చినాడు!"

"వద్దు చంద్రమ్మా, వానలో ఆయన్ను ఎందుకు…" అన్నాడు మునిరత్నం.

"నువ్వు ఊరికే ఉండన్నా. ఇన్నేండ్లు ఊరికే ఉండి ఏం బాగుపడినాం?"

లోపల ఏదో గిన్నె పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత చంకకర్ర గచ్చు మీద తాకిన చప్పుడు. ఠక్కు. కాసేపటికి మళ్ళీ ఠక్కు. వసారాలోకి వచ్చాడు చెంగల్రాయుడు. పంచె కుడివైపు మోకాలి కింద మడిచి దోపుకున్నాడు. పొడుగాటి మనిషి. ఆ రోజు కొంకికట్టెతో బస్సు ముందు పని చేసినప్పుడు ఇంత పొడుగని నేను గమనించలేదు. అసలు ఆయన్ను చూస్తే కదా.

ఆయన మునిరత్నాన్ని చూసి అలవాటుగా ముఖం తిప్పుకున్నాడు. తర్వాత భార్య చేయి చూపిన వైపు, నా కిటికీ వైపు చూశాడు. వసారా దిగి రోడ్డు మీదికి నడిచాడు. మాకూ ఆయనకూ మధ్య తడిసిన కట్టె, నీళ్ళలో మెరుస్తున్న ఉలవలు.

చంద్రకాంతమ్మ కదలలేదు. ఎప్పుడూ ఆమె చేయి పట్టుకుని దాటిస్తుందనుకుంటాను. ఈసారి పొరక పట్టుకుని అలాగే నిలబడింది.

మునిరత్నం చేయి చాచి నా పక్క తలుపు గొళ్ళెం తీశాడు.

"పోప్పా బీఏ" అన్నాడు. పాపకు గేరు ఎలా మార్చాలో చెప్పిన గొంతుతోనే. "పోయి చెయ్యి పట్టుకో. ఉలవలు తడిసిండాయి. జారతాది."

నేను దిగాను. భానుశ్రీ అద్దం ఇంకా పక్కకే తిరిగి ఉంది. చెప్పుల కింద గింజలు దొర్లుతుంటే, మంచు మీద నడిచేవాడిలా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోయి, కట్టె ఇవతలి అంచున నిలబడి చేయి చాచాను. గడియారం ఉన్న చేయి అది.

చెంగల్రాయుడు అవతలి అంచున ఆగాడు. నా చేతిని చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. ఆ చేయి అందుకోకుండానే కర్రను ముందుకు వేశాడు.

కర్ర మొన ఉలవల మీద ఒక అంగుళం జారింది.